ఎలక్ట్రిక్ గిటార్ శ్రుతి ఎందుకు నిలవదు? తప్పు చాలాసార్లు కీలది కాదు

గిటార్ శ్రుతి నిలవడం లేదంటే ముందుగా నింద పడేది ట్యూనింగ్ కీల మీదే. తీగను బిగించేవి అవే కాబట్టి, వదిలేస్తున్నవీ అవే అయ్యుంటాయన్న అనుమానం సహజం. కొత్త కీలు కొని బిగించాక కూడా రెండు పాటలకే జి తీగ (సన్న వైపు నుంచి మూడోది) శ్రుతి మళ్లీ దిగిపోతే, ఇక గిటారే మంచిది కాదని తేల్చేస్తారు.

ఆ కీ లోపల ఏముందో చూస్తే అనుమానం కొంత తగ్గుతుంది. అందులో ఉండేది వార్మ్ గేర్. మనం కీని తిప్పితే తీగ చుట్టుకున్న స్తంభం తిరుగుతుంది. కానీ తీగ ఎంత గట్టిగా లాగినా ఆ స్తంభం కీని వెనక్కి తిప్పలేదు. ఆ అమరిక స్వభావమే అంత. పళ్లు అరిగిపోయినా, మరలు వదులైనా సంగతి వేరు. చవక కీలలో అలాంటివి ఉంటాయి, కాదనలేం. మామూలు కీ మాత్రం తనంతట తాను తిరిగిపోదు. మరి శ్రుతి ఎటు పోతోంది?

ఒకే మాట వెనక మూడు ఫిర్యాదులు

"శ్రుతి నిలవడం లేదు" అనే మాట కింద మూడు వేర్వేరు సమస్యలు కలిసిపోతుంటాయి. మొదటిది, తీగ మెల్లమెల్లగా దిగిపోవడం. గిటార్‌ను ముట్టుకోకుండా పక్కన పెట్టినా ఇది జరుగుతుంది. రెండోది, బెండ్ చేశాకో (తీగను వేలితో పక్కకు లాగి స్వరం పెంచడం), ట్రెమొలో బార్ (తీగలన్నిటినీ ఒకేసారి వదులు చేసే, బిగించే కడ్డీ) వాడాకో తీగ ఉన్నచోటికి తిరిగి రాకపోవడం. మూడోది వింతగా ఉంటుంది. ఖాళీ తీగలన్నీ (వేలితో నొక్కనివి) ట్యూనర్, అంటే శ్రుతి చూపే పరికరం మీద పచ్చగా వెలుగుతాయి, కార్డ్ (కలిసి పలికే కొన్ని స్వరాలు) పట్టుకుంటే మాత్రం ఏదో తేడాగా వినిపిస్తుంది.

మొదటిదానికి కారణం జారడం లేదా ఉష్ణోగ్రత. రెండోదానికి కారణం రాపిడి. మూడోదానికి గిటార్ కొలతలు, వేళ్ల ఒత్తిడి కారణం, కొంతవరకు సంగీత గణితం కూడా. ఒకదానికి వేసే మందు ఇంకొకదానికి పనిచేయదు. సలహాలన్నీ పాటించినా ఫలితం లేదని జనం విసిగిపోయేది ఇక్కడే.

పదో వంతు మిల్లీమీటరు చేసే పని

తీగ ఏ స్వరం పలకాలో తేల్చేవి పొడవు, బరువు, బిగువు. ఫ్రెంచి పండితుడు మరాన్ మెర్సెన్ 1636లో ప్రచురించిన సూత్రాలు ఇప్పటికీ గిటార్‌కు చెల్లుతాయి. మనకు వాటిలో ఒక్కటి చాలు. పౌనఃపున్యం బిగువుకు వర్గమూలంగా మారుతుంది. అంటే బిగువు 1 శాతం తగ్గితే స్వరం అర శాతం దిగుతుంది.

శ్రుతిలో తేడాను సెంట్లలో కొలుస్తారు. పక్కపక్క ఫ్రెట్ల (మెడ మీది అడ్డ లోహపు పట్టీల) స్వరాల మధ్య దూరం 100 సెంట్లు. అర శాతం తగ్గడమంటే దాదాపు 9 సెంట్లు. వినికిడి అలవాటైన చెవి సుమారు 5 సెంట్ల తేడాను పట్టేస్తుంది. కాబట్టి బిగువులో ఒక్క శాతం మార్పు కూడా దాగదు.

ఇప్పుడు అసలు గిటార్ తీసుకుందాం. ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్‌లో నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (శరీరం మీద తీగలు ఆనే చోటు) వరకు తీగ పొడవు 25.5 అంగుళాలు, అంటే 648 మిల్లీమీటర్లు. దానికి 10-46 సెట్ (అతి సన్న, అతి లావు తీగల మందాలు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేశామనుకోండి. సన్న ఇ తీగ మందం 0.010 అంగుళం. అది 329.63 హెర్ట్జ్ దగ్గర పలకాలంటే సుమారు 7.4 కిలోల బిగువు కావాలి. ఆ బిగువుకు ఉక్కు తీగ సాగేది దాదాపు 4.7 మిల్లీమీటర్లు. బి తీగ 2.6 మిల్లీమీటర్లు సాగుతుంది. జి తీగ సాగేది 1.6 మాత్రమే.

ఏదో ఒక చోట పదో వంతు మిల్లీమీటరు వదులైందనుకోండి. సన్న ఇ తీగ సుమారు 19 సెంట్లు దిగుతుంది. బి తీగ 34. జి తీగ 54. జరిగిన పొరపాటు ఒకటే అయినా, జి తీగ అర ఫ్రెట్‌కు పైగా దిగిపోతోంది. నట్ వెనకున్న తీగ ముక్కను నేను ఈ లెక్కలో కలపలేదు. దాన్ని కలిపితే అంకెలు కాస్త తగ్గుతాయి కానీ వరస మారదు. గిటారిస్టులు ఎక్కువగా జి తీగనే తిట్టుకోవడానికి కారణం ఇదే. కంపెనీలు దాన్ని సరిగా చేయకపోవడం కాదు. ఆ స్వరానికి అది తక్కువగా సాగాలి, అందువల్ల చిన్న కదలికకే ఎక్కువగా చెదురుతుంది.

లావు తీగలు శ్రుతిని బాగా పట్టుకుంటాయని విస్తృతంగా చెప్పుకునే మాటను ఈ లెక్కతోనే పరీక్షించవచ్చు. జి తీగను 0.017 నుంచి 0.018కి మారిస్తే బరువు పెరుగుతుంది, అదే నిష్పత్తిలో కావలసిన బిగువూ పెరుగుతుంది. తీగ సాగే పొడవు మాత్రం మారదు. సాదా ఉక్కు తీగ ఎంత సాగాలన్నది దాని మందాన్ని బట్టి కాక, పలకాల్సిన స్వరాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి పదో వంతు మిల్లీమీటరు జారితే లావు జి తీగ కూడా అంతే దిగుతుంది. అయినా ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. లావు తీగను నొక్కాలన్నా పక్కకు లాగాలన్నా ఎక్కువ బలం కావాలి. గట్టిగా వాయించే చేతి కింద అది తక్కువ చెదురుతుంది.

చుట్టు వేసిన జి తీగ కథ మాత్రం వేరు. అందులో బిగువును మోసేది లోపలి సన్నని ఉక్కు తీగ ఒక్కటే, చుట్టు బరువును మాత్రమే ఇస్తుంది. లోపలి తీగ ఎక్కువ సాగుతుంది కాబట్టి ఇలాంటి చెదురుళ్లకు తక్కువ లొంగుతుంది. జాజ్ వాయించేవాళ్లలో చాలామంది చుట్టు జి వాడతారు. రాక్ వాళ్లు అలా చేయకపోవడానికి కారణం కూడా తెలిసిందే, దాన్ని బెండ్ చేయడం కష్టం.

వేడి

దీని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, లెక్క మాత్రం ఆశ్చర్యపరుస్తుంది. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు దాదాపు 0.012 మిల్లీమీటర్లు పొడవవుతుంది. 5 డిగ్రీల తేడాకు సన్న ఇ తీగ 7 సెంట్లు, జి తీగ 20 సెంట్ల వరకు దిగవచ్చు. మెడలోని కలప, దాని లోపలి ఉక్కు కడ్డీ కూడా కొంత వ్యాకోచిస్తాయి కాబట్టి చివరికి మిగిలే తేడా ఇంతకంటే తక్కువే. కానీ తీగలు నిమిషాల్లో వేడెక్కుతాయి, కలపకు ఎక్కువసేపు పడుతుంది. ఏసీ గదిలో శ్రుతి చేసి వేదిక లైట్ల కిందకు వెళ్లగానే అన్ని తీగలూ ఒకేసారి దిగాయంటే గిటార్‌లో లోపమేదీ లేనట్టే. వేళ్ల వేడి కూడా పనిచేస్తుంది. అందుకే కొంతసేపు వాయించాక చేసిన శ్రుతి, చల్లని తీగల మీద చేసినదానికంటే మేలు.

తేమ వల్ల మెడ వంపు మారడం రోజులు, వారాలు పట్టే వ్యవహారం. పాటల మధ్యలో శ్రుతి పోవడానికి అది కారణం కాదు.

నట్: అసలు గొడవ ఎక్కువగా ఇక్కడే

ఫ్రెట్‌బోర్డు ముగిసి గిటార్ తల మొదలయ్యే చోట ఆరు గాడులున్న చిన్న పట్టీ ఉంటుంది. అదే నట్. తీగ ఆ గాడిలో కూర్చోవాలి, అటూ ఇటూ ఊగకూడదు, కానీ నిలువునా స్వేచ్ఛగా జారాలి. గాడి ఇరుకైనా, అడుగున గరుకుగా ఉన్నా తుప్పు పట్టిన గిలక మీద చేంతాడులా తీగ పట్టేస్తుంది, తర్వాత ఒక్కసారిగా జారుతుంది. కీ తిప్పుతున్నప్పుడు ట్యూనర్ ముల్లు కదలకుండా ఉండి, చిన్న "టింగ్" శబ్దంతో హఠాత్తుగా ఎగిరిపడిందంటే జరిగింది అదే.

బెండ్ చేసినప్పుడు వాయించే భాగంలో బిగువు పెరుగుతుంది. నట్ వెనకున్న తీగలోంచి కొంచెం ఇటు జారుతుంది. బెండ్ వదిలాక ఆ కొంచెం వెనక్కి పోవాలి. గాడి పట్టేస్తే పోదు. ఇటువైపు తీగ ఎక్కువై బిగువు తగ్గుతుంది, శ్రుతి దిగుతుంది.

ట్రెమొలో బార్‌ను కిందికి నొక్కితే దీనికి తలకిందులుగా జరుగుతుంది. వాయించే భాగం వదులైనప్పుడు నట్ వెనకున్న బిగువు తీగను తనవైపు లాక్కుంటుంది. బార్ వదిలాక ఆ తీగ తిరిగి రాకపోతే శ్రుతి ఎక్కువవుతుంది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే రోగం ఎక్కడుందో బయటపడుతుంది. బెండ్ తర్వాత దిగి, బార్ తర్వాత ఎక్కుతోందంటే తీగ దారిలో ఎక్కడో పట్టేస్తోందని అర్థం. అది ఎక్కువగా నట్ దగ్గరే. రెంటి తర్వాతా దిగుతూనే ఉంటే రాపిడిని కాక, స్తంభం దగ్గర తీగ జారడాన్ని అనుమానించాలి. బెండ్‌తో దిగిన తీగను బార్ ఒకసారి తట్టి మళ్లీ పైకి తెచ్చే అలవాటు స్ట్రాటోకాస్టర్ వాదకుల్లో కనిపిస్తుంది. ఒక రాపిడి దోషాన్ని ఇంకోదానితో సరిచేయడమే అది, కానీ పనిచేస్తుంది.

తల ఆకారం కూడా దీన్ని ఎక్కువ తక్కువ చేస్తుంది. గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ గిటార్ తలలో అటు మూడు, ఇటు మూడు కీలు ఉంటాయి. తల సుమారు 17 డిగ్రీలు వెనక్కి వంగి ఉంటుంది. మధ్యలోని డి, జి తీగలు నట్ దాటగానే కిందికీ పక్కకీ ఎక్కువగా విరుగుతాయి, గాడి గోడను ఒరుసుకుంటాయి. అసలే సున్నితమైన జి తీగ అన్నింటికంటే చెడ్డ దారిలో పోతుంది. లెస్ పాల్ జి తీగ మీద ఉన్న అపకీర్తి ఇలా వచ్చిందే. ఫెండర్ గిటార్లలో ఆరు కీలూ ఒకే వరసలో ఉండి తీగలు నేరుగా వెళ్తాయి. అయితే తల వంగి ఉండదు కాబట్టి సన్న తీగలను కిందికి నొక్కి పట్టే స్ట్రింగ్ ట్రీలు పెడతారు. రాపిడికి అదో కొత్త చోటు.

నట్ దేనితో చేయాలన్నదాని మీద వాదన తెగదు. ఎముకే మేలని కొందరు, జారుడు గుణం కలిపిన సింథటిక్ నట్ మేలని కొందరు, చిన్న రోలర్లున్న నట్ పెడితే గొడవే ఉండదని మరికొందరు అంటారు. గాడిలో పెన్సిల్ ముల్లు పొడి రాసుకునేవాళ్లూ ఉన్నారు. గ్రాఫైట్ పొడి కందెనే కాబట్టి అది మూఢనమ్మకమేమీ కాదు. నాకు మాత్రం పదార్థం కంటే గాడి కోత ముఖ్యమనిపిస్తుంది. బాగా కోసిన చవక ప్లాస్టిక్ నట్ ముందు పాడుగా కోసిన ఎముక నట్ నిలబడదు. 9 సెట్ కోసం కోసిన గాడుల్లో 11 సెట్ వేస్తే ఎంత మంచి నట్ అయినా పట్టేస్తుంది.

కొత్త తీగలు, చుట్లు, లాకింగ్ కీలు

కొత్త తీగలు మొదటి రోజు దిగుతూనే ఉంటాయి. ఉక్కు సాగిపోతోందని అంటుంటారు. నిజానికి సాదా తీగలోని ఉక్కు ఆ బిగువు దగ్గర రబ్బరులా వెనక్కి రాగల పరిధిలోనే ఉంటుంది. సర్దుకునేవి ఎక్కువగా వేరేవి. స్తంభం మీది చుట్లు ఒకదానికొకటి బిగుసుకుంటాయి. బ్రిడ్జి వైపు చివర గుండును పట్టుకున్న మెలిక బిగుస్తుంది. బ్రిడ్జిలో తీగ ఆనే శాడిల్ మీద తీగ వంగి కుదురుకుంటుంది. తీగలు వేశాక చేత్తో లాగి మళ్లీ మళ్లీ శ్రుతి చేసే అలవాటు ఈ సర్దుబాటును రోజుల నుంచి నిమిషాలకు కుదిస్తుంది.

చుట్లు ఎక్కువైతే బిగుసుకునే ఖాళీ కూడా ఎక్కువ. మరీ తక్కువైతే తీగ జారుతుంది. సన్న తీగలకు రెండు మూడు చుట్లు చాలన్నది వాడుకలో ఉన్న లెక్క. లాకింగ్ కీలు చుట్ల గొడవే లేకుండా తీగను స్తంభంలో బిగించి పట్టేస్తాయి. తీగలు మార్చడం తేలికవుతుంది, స్తంభం దగ్గర జారడం ఆగుతుంది. వీటిని మెచ్చుకునేవాళ్లు చెప్పేది నిజమే. పద్ధతిగా చుట్టిన మామూలు కీ కూడా ఇంతే స్థిరంగా ఉంటుందని వాదించేవాళ్లదీ నిజమే. రెండు పక్షాలూ అంతగా చెప్పని విషయం ఒకటుంది. తీగ నట్‌లో పట్టేస్తుంటే ఏ కీ దాన్ని విడిపించలేదు.

దీనికి పెద్ద నిదర్శనం తనంతట తానే శ్రుతి చేసుకునే గిటార్. గిబ్సన్ 2007లో రోబో గిటార్ తెచ్చింది. 2015లో జి-ఫోర్స్ అనే మోటారు కీల వ్యవస్థను తన చాలా మోడళ్లకు తప్పనిసరి చేసింది. కొనేవాళ్లు మొహం తిప్పుకోవడంతో మరుసటి ఏడాదికల్లా అది ఐచ్ఛికమైంది. దాని మీద వచ్చిన అభ్యంతరాలు చాలా ఉన్నాయి. యంత్రం కీని ఎంత చక్కగా తిప్పినా, నట్ దగ్గర రాపిడి మాత్రం దాని చేతిలో లేదు.

కీని ఎప్పుడూ కింది నుంచి పైకి తిప్పి శ్రుతి చేయమనడానికి కారణమూ చెప్పుకోవాలి. గేర్ పళ్ల మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. దించుతూ ఆగితే ఆ ఖాళీ తీగ వైపు మిగిలిపోయి, మొదటి బెండ్‌కే అది సర్దుకుంటుంది. ఎంత చిన్న ఖాళీ అంటే: కీ నిష్పత్తి 18:1, స్తంభం మందం 6 మిల్లీమీటర్లు అనుకుంటే, కీని ఒక పూర్తి చుట్టు తిప్పితే తీగ కదిలేది మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. పదో వంతు చుట్టులోనే జి తీగకు 54 సెంట్లు.

ట్రెమొలో: రెండు బలాల మధ్య తూకం

10-46 సెట్‌లోని ఆరు తీగలు కలిసి బ్రిడ్జిని లాగే బలం దాదాపు 47 కిలోలు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ ట్రెమొలోలో ఈ బలాన్ని గిటార్ వెనకున్న స్ప్రింగులు ఎదుర్కొంటాయి. బ్రిడ్జిని శరీరానికి తగలకుండా తేలుతూ ఉంచితే, ఆ తూకంలో ఏ మార్పు జరిగినా అన్ని తీగలూ కదులుతాయి.

ఉదాహరణకు లావు ఇ తీగను డికి దించామనుకోండి. 82.41 హెర్ట్జ్ నుంచి 73.42కి. ఆ తీగ బిగువు ఐదో వంతు తగ్గుతుంది, సుమారు కిలోన్నర పైచిలుకు. ఇప్పుడు స్ప్రింగులది పైచేయి. బ్రిడ్జి వెనక్కి వాలుతుంది, మిగతా అయిదు తీగల శ్రుతి ఎక్కుతుంది. వాటిని దించితే బ్రిడ్జి మళ్లీ వాలుతుంది, డి తీగ చెదురుతుంది. ఇలా రెండు మూడు రౌండ్లు తిరిగితే గానీ కుదరదు. గిటార్ చెడిపోయిందని కొత్తవాళ్లు భయపడేది ఇలాంటప్పుడే. ఒక తీగను బెండ్ చేసినప్పుడు మిగతావి దిగడం, ఒకటి తెగితే అన్నీ ఎక్కిపోవడం, ఇవీ ఈ తూకం పనే.

దీనికి పరిష్కారాలు రెండు దిక్కుల్లో సాగాయి. కదలికను మానుకోవడం ఒకటి. గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ తన స్ట్రాటోకాస్టర్లలో ట్రెమొలో కదలకుండా చెక్కముక్క పెట్టించుకున్నాడు. కదలికను ఉంచుకుని రాపిడిని తొలగించడం రెండోది. గిటారిస్ట్ జెఫ్ బెక్ పేరున ఫెండర్ చేసిన స్ట్రాటోకాస్టర్‌లో రోలర్ నట్ ఉంటుంది. 1979లో పేటెంట్ పొందిన ఫ్లాయిడ్ రోజ్ వ్యవస్థ ఇంకా ముందుకు వెళ్లి తీగను నట్ దగ్గరా బ్రిడ్జి దగ్గరా బిగించేసింది. జారే చోటే లేకపోతే జారడమూ లేదు. అయితే తీగ మార్చడం ఒక పనైపోయింది, పాట మధ్యలో శ్రుతి మార్చుకోవడం దాదాపు అసాధ్యమైంది. పైగా బ్రిడ్జి ఆనే పదునైన అంచు అరిగితే అక్కడ మళ్లీ రాపిడి మొదలవుతుంది.

ఎవర్‌ట్యూన్ బ్రిడ్జి మూడో దారి పట్టింది. ఒక్కో తీగకు విడిగా స్ప్రింగు, మీట పెట్టి బిగువును స్థిరంగా ఉంచుతుంది. ఎంత బాగా ఉంచుతుందంటే, ఒక అమరికలో మనం బెండ్ చేసినా స్వరం పెరగదు. రికార్డింగ్‌లో భారీ రిథమ్ వాయించేవాళ్లకు ఇది వరం, బెండ్ల మీద బతికే బ్లూస్ వాదకుడికి కాదు.

ఖాళీ తీగ సరే, కార్డ్ మాత్రం పలకదు

12వ ఫ్రెట్ దగ్గర నొక్కితే ఖాళీ తీగకు సరిగ్గా ఒక ఆక్టేవ్ (రెట్టింపు పౌనఃపున్యం) పైన రావాలి. నొక్కడం వల్ల తీగ కొంచెం సాగి శ్రుతి పెరుగుతుంది. దాన్ని సరిపుచ్చడానికే శాడిల్‌ను కాస్త వెనక్కి జరుపుతారు. దీన్నే ఇంటొనేషన్ అంటారు. పాతబడి, తుప్పు పట్టి, ఫ్రెట్ల దగ్గర నొక్కులు పడిన తీగకు బరువు అంతటా ఒకేలా ఉండదు. దానికి ఎంత జరిపినా ఇంటొనేషన్ కుదరదు.

12వ ఫ్రెట్ సరిగ్గా ఉండి మొదటి మూడు ఫ్రెట్లు ఎక్కువగా పలికితే, నట్ గాడులు ఎత్తుగా ఉన్నాయని అర్థం. ఎత్తైన జంబో ఫ్రెట్లున్న గిటార్‌ను గట్టిగా పట్టుకునే చేయి కూడా శ్రుతిని పెంచేస్తుంది. ఇదే గిటార్ ఇంకొకరి చేతిలో సరిగ్గా పలుకుతుంది. ఇందులో పరికరాన్ని తప్పు పట్టడానికేమీ లేదు.

మీటే బలం కూడా లెక్కలోకి వస్తుంది. గట్టిగా మీటిన క్షణంలో శ్రుతి పైకి లేచి తర్వాత దిగుతుంది. ట్యూనర్‌లో ఏ క్షణాన్ని నమ్మాలి? మెల్లగా సాగే స్వరాలు వాయించేవాళ్లు కుదురుకున్నాక వచ్చే రీడింగ్‌ను తీసుకుంటారు. వేగంగా, గట్టిగా రిథమ్ కొట్టేవాళ్లు మొదటి దెబ్బకు వచ్చేదాన్ని తీసుకుంటారు. ఎవరు వాయించే దాన్ని బట్టి వారిది సరైనదే.

ఇవన్నీ కుదిరాక కూడా ఒక తేడా మిగులుతుంది. సమాన విభజనలో ఆక్టేవ్‌ను 12 సమాన భాగాలు చేశాం. చెవికి స్వచ్ఛంగా వినిపించే మేజర్ థర్డ్ (మేజర్ కార్డ్ మొదటి రెండు స్వరాల మధ్య దూరం) 386 సెంట్లు, ఫ్రెట్లు ఇచ్చేది 400. ఇ మేజర్ కార్డ్‌లో నాలుగో తీగ మీది ఇ స్వరం 164.81 హెర్ట్జ్, జి తీగ మొదటి ఫ్రెట్ 207.65. మొదటిదాని అయిదో హార్మోనిక్ (అయిదు రెట్ల పౌనఃపున్యం) 824, రెండోదాని నాలుగోది 830.6. ఈ రెండూ ఢీకొని సెకనుకు ఆరేడు సార్లు అల్లాడతాయి. డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా మార్చే ప్రభావం) పెడితే ఆ అల్లాట ఇంకా పెద్దదవుతుంది.

దాన్ని భరించలేక చెవిని నమ్మి జి తీగను 14 సెంట్లు దించారనుకోండి, ఇ మేజర్ తియ్యగా మారుతుంది. తర్వాత సి మేజర్ పట్టుకోగానే ఖాళీ జి తీగ 14 సెంట్లు తక్కువగా పలికి కార్డ్ చెడుతుంది. దాన్ని సరిచేస్తే ఇ మేజర్ మళ్లీ పాతచోటికి వస్తుంది. ఒక కార్డ్ మీద చెవితో, ఇంకో కార్డ్ మీద చెవితో పాట పాటకూ కీలు తిప్పుకుంటూ శ్రుతి నిలవడం లేదనే వాళ్లలో కొందరి గిటార్ నిజానికి నిక్షేపంగా ఉంటుంది.

వంకర ఫ్రెట్లు వేసే ట్రూ టెంపరమెంట్ లాంటి పద్ధతులు ఒక్కో తీగకు ఒక్కో ఫ్రెట్ దగ్గర పొడవును విడిగా సరిచేస్తాయి. కొలతల వల్ల వచ్చే తప్పులు చాలావరకు పోతాయి. కానీ అన్ని కార్డ్‌లలోనూ థర్డ్ స్వచ్ఛంగా ఉండటం 12 స్వరాలతో వీలుకాదు. ఫిఫ్త్‌కు (మేజర్ కార్డ్ మొదటి, మూడో స్వరాల మధ్య దూరం) ఈ బాధ లేదు, స్వచ్ఛమైనదానికీ ఫ్రెట్ల మీదిదానికీ తేడా 2 సెంట్లే. ఓవర్‌డ్రైవ్ (ఇదీ ఒకరకం డిస్టార్షనే) పెంచేకొద్దీ రాక్ గిటారిస్టులు థర్డ్‌ను వదిలేసి రూట్ (కార్డ్ మొదటి స్వరం), ఫిఫ్త్‌తో పవర్ కార్డ్‌లు పట్టడానికి ఇదొక ముఖ్య కారణం.